ఇరవై మూడో నంబరు వరుసలో ఐదో గీత

ఫిబ్రవరి 18, మంగళవారం

ఎవరికీ చెప్పనని మాటిచ్చిన సంగతి ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని లోపల పెట్టుకుని తిరగడం వల్ల నిన్న సూపులో ఉప్పు రెండుసార్లు వేశాను, ఇవాళ ప్రార్థన మందిరం తాళంచెవి తలుపుకే వదిలేసి వచ్చాను. నలభై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, ఇలా ఉండకూడదు. అందుకని ఈ నోటుబుక్కు. ఇందులో రాయడం ఎవరికీ చెప్పడం కిందికి రాదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

క్రిస్మస్‌కి మా అబ్బాయి గ్రాంట్ కూతురు లానీ, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేది, రెండు వాచీలు కొంది, ఒకటి నాకు, ఒకటి తనకు. కొత్తరకం. నాడి చూస్తాయి, నిద్ర చూస్తాయి, మెట్లు లెక్కపెడతాయి. రెంటినీ మా ఫోన్లలో కలిపి పెట్టింది. నేను స్నానాల గదిలో జారిపడితే దానికి తెలియాలట. కలిపినప్పుడు రెండు వైపులా కలుస్తుందన్న సంగతి అది ఆలోచించలేదు. మొన్న శనివారం మధ్యాహ్నం 2:40కి నా ఫోను మోగింది. కబురు నా గురించి కాదు. లానీ గుండె లయ తప్పిందనీ, వైద్యుడికి చూపించమనీ.

ఆదివారం భోజనానికి వచ్చింది. ఫోను దాని ముందు పెట్టాను.

"ఏమే, ఇదేమిటి?"

చూసి నవ్వింది. "అదొక బొమ్మ నానమ్మా. చేతికి చెమట పడితే ఏదో ఒకటి కూస్తుంది."

"కూసిందా, నిజం చెప్పిందా?"

రొట్టె ముక్క చిన్న చిన్న తుంపులు చేసింది. "ప్రాక్టీసు తర్వాత కళ్ళు చీకట్లు కమ్మాయి. కింద కూర్చున్నా. ఒక్క నిమిషం. పోయింది."

"ఎన్ని నిమిషాలు?"

"అబ్బా, నానమ్మా!"

"ఎన్ని?"

"మూడనుకో."

"కోచ్‌కి చెప్పావా?"

"చెప్తే ఏమవుతుందో నీకు తెలీదా? ఒంటినిండా వైర్లు, పరీక్షలు, ఆరు వారాలు బెంచీ మీద. కాలేజీలో ఇది నాలుగో ఏడు. నాకింక ఇంకో ఏడు లేదు. మూడంటే మూడు ఆటలు. ఫైనల్ అవగానే నువ్వే తీసుకెళ్ళు, ఏ డాక్టరంటే ఆ డాక్టరు. నాన్నకి చెప్పకు. కోచ్‌కి చెప్పకు. సరేనా?"

మా క్వేకర్ క్రైస్తవుల్లో ఒట్టు పెట్టుకోవడం లేదు. కోర్టులోనైనా పెట్టుకోం. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. నేను సరే అన్నాను.

దాని తాత ఎల్వుడ్ నలభై నాలుగో ఏట వాకిట్లో మంచు తీస్తూ పోయాడు. గుండె. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. విడిగా రాసి పెడుతున్నాను, అంతే.

ఫిబ్రవరి 19, బుధవారం

వాచీని పరీక్షించాను. మణికట్టు మీద వేళ్ళు పెట్టి, గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెట్టి, వాచీ చెప్పినదాంతో పోల్చాను. ఏడుసార్లు. నాలుగుసార్లు సరిపోయింది. రెండుసార్లు ఒకటి తేడా. ఒకసారి రెండు తేడా.

కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఏ కబురూ లేదు. లానీ వాచీ పెట్టుకోవడం మానేసి ఉండొచ్చు. అడగలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

గెలిచాం, 70–58. లానీకి పంతొమ్మిది పాయింట్లు, రెండు ఫౌళ్ళు.

హార్గ్రోవ్ కాలేజీ అమ్మాయిల ఆటలకి నేను స్కోరు పుస్తకం రాస్తూ బల్ల దగ్గర కూర్చోవడం ఇది ముప్ఫై నాలుగో ఏడు. లానీ జట్టులోకి వచ్చిన రోజు నేను తప్పుకుంటానని కోచ్ యోడర్‌కి ఉత్తరం రాశాను. ఆమె నా దగ్గర తొమ్మిదో తరగతి చదివింది. ఉత్తరం పట్టుకుని వచ్చి, "టీచర్‌గారూ, సొంత మనవరాలికి ఫౌల్ రాయాలంటే మీ అంత గట్టిగా రాసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు?" అంది. చింపేసింది. అది నిజమే.

నా పక్కన ప్రూయిట్ కంప్యూటరుతో కూర్చుంటాడు. కాలేజీలో గణాంకాలు చెబుతాడు, యాభై ఏళ్ళవాడు, అతనూ నా శిష్యుడే. ఇవాళ పెన్సిల్ చెక్కుకుంటుంటే, "మేడమ్, ఛార్జింగ్ అయిపోయిందా?" అన్నాడు.

"నీ డబ్బాకి కరెంటు పోతే ఈ పెన్సిలే దిక్కు, నోరు మూసుకుని కూర్చో," అన్నాను.

"అందుకే కదా మిమ్మల్ని తిట్టకుండా భరిస్తున్నాం."

ఎన్ని యంత్రాలు వచ్చినా నియమం మారలేదు. కంప్యూటరుకీ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకం చెప్పిందే లెక్క. అందుకే ప్రతి పది నిమిషాల క్వార్టరు చివరా అతను తన అంకెలు పైకి చదువుతాడు, నేను నా పుస్తకంలో వేలు పెట్టి చూసుకుని సరే అంటాను.

మా వెనక వరుసలో కుర్రకారు ఆట ఎదురుగా జరుగుతుంటే ఫోనులో చూస్తున్నారు. ఫోనులో అర నిమిషం ఆలస్యం. బంతి బుట్టలో పడితే ఒకసారి, ఫోనులో పడితే ఇంకోసారి చప్పట్లు. ఏ చప్పట్లు దేనికో తెలియదు.

ఆట మొదలవకముందు రిఫరీ అందరి వాచీలూ, ఉంగరాలూ తీయిస్తుంది. కాబట్టి లానీ పరుగెత్తే నలభై నిమిషాలూ ఎవరికీ ఏమీ తెలియదు.

ఫిబ్రవరి 27, గురువారం

సెమీఫైనల్ గెలిచాం, 64–60. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మన గడ్డ మీద ఫైనల్. ఎదుటి జట్టు ముందుకొచ్చి నొక్కుతుంటే మనవాళ్ళు కంగారు పడకుండా బంతిని చేతి నుంచి చేతికి అందించిన తీరు చూడాల్సిందే. ఒక్కసారీ నేలకి కొట్టకుండా ఐదు పాసులు, చివరికి లానీ చేతికి. ఇలాంటి ఆట ఇప్పుడు పెద్ద కాలేజీల్లో కూడా ఆడటం లేదు.

ఆట అయ్యాక 6:05కి నా ఫోను మోగింది. అదే కబురు.

బయటికి వెళుతుంటే లానీ మెట్ల పక్కన ఇనప కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. కమ్మీ మీద దాని వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

ఇంకొక్క ఆటే.

మార్చి 1, శనివారం

ఓడిపోయాం. 61–62.

తప్పు నాది. మూడో క్వార్టరులో మన 32వ నంబరు అమ్మాయి మీద ఇచ్చిన ఫౌల్‌ని 23 వరుసలో రాశాను. 23 లానీ. కళ్ళు సరిగా లేవు.

మార్చి 2, ఆదివారం

నిన్న రాయలేకపోయినది.

చివర్లో 1:48 మిగిలి ఉండగా మనం 61–57తో ముందున్నాం. లానీ ఎదుటి అమ్మాయిని మోచేత్తో తాకింది, రిఫరీ ఈల ఊదింది. నేను గీత పెట్టాను. అది ఐదో గీత. ఐదు పడితే ఆట నుంచి తప్పుకోవాలి. ఆట ఆపడానికి నేను బల్ల మీది బూర నొక్కాను.

ప్రూయిట్ నా వైపు వంగాడు. "మేడమ్, నాలుగు. నా దాంట్లో నాలుగే."

కోచ్ యోడర్ పరుగెత్తుకొచ్చింది. "నాలుగు! టీచర్‌గారూ, నాలుగే!"

రిఫరీ నన్నే అడిగింది. "పుస్తకం ఏమంటోంది?"

"ఐదు."

"పుస్తకం చెప్పిందే లెక్క," అంది రిఫరీ, లానీని బయటికి పిలిచింది. ఆ తర్వాత మనవాళ్ళు ఒక్క పాయింటూ చేయలేదు. వాళ్ళు ఐదు చేశారు.

నిన్న సాయంత్రమే ప్రూయిట్ వీడియో మొత్తం చూశాడు. మూడో క్వార్టరులో 6:12 దగ్గర రిఫరీ వేళ్ళతో మూడు, రెండు చూపించింది. నా పుస్తకంలో ఆ గీత 23 పక్కన ఉంది. ఫోను చేసి ఎంతో మెల్లగా చెప్పాడు. "ఎవరికైనా జరుగుతుంది మేడమ్. ముప్ఫై నాలుగేళ్ళలో ఒకటి."

ఇవాళ మందిరంలో గంటసేపు మౌనం. మా దగ్గర పాస్టరు ఉండడు. లోపల ఏదైనా కదిలినవాళ్ళు లేచి మాట్లాడతారు, లేకపోతే అందరూ ఊరికే కూర్చుంటాం. నా మోకాళ్ళు ఒకసారి లేవబోయాయి. లేవలేదు. ఆ తర్వాత తలో గిన్నె తెచ్చుకునే భోజనంలో అందరూ నా పళ్ళెంలోనే వడ్డించారు. నూడుల్స్ ఒకరు, పెర్సిమన్ పండు పుడ్డింగు ఇంకొకరు. "మా అమ్మకీ కంట్లో పొర వచ్చింది రోవీనా, ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు," అని ఒకావిడ నా చెయ్యి నిమిరింది.

ఎవరూ నిందించలేదు. ముసలితనాన్ని ఎవరూ నిందించరు.

నా కంటి పరీక్ష జనవరి 9న అయింది. పొర లేదు. కొత్త కళ్ళజోడు.

లానీ ఫోను తీయలేదు.

మార్చి 3, సోమవారం

ఓడినా జాతీయ పోటీకి పిలుపు వచ్చింది. సీజనంతా బాగా ఆడిన జట్లని కొన్నిటిని కమిటీ ఎంచుకుంటుందట. భోజనశాలలో పెద్ద తెర మీద మన పేరు పడగానే పిల్లలు బల్లలెక్కారు. శుక్రవారం ఒహాయోలో ఆట. అక్కడ స్కోరు బల్ల వాళ్ళది, నాకు పని లేదు.

లానీకి రాశాను: ఫైనల్ అయింది, డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

జవాబు వచ్చింది: శుక్రవారం తర్వాత. ఇంకొక్క ఆట.

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు.

సాయంత్రం కోచ్ యోడర్ పువ్వులతో వచ్చింది. వచ్చే ఏడు మొదటి ఆట రోజు నాకు సన్మానం చేస్తారట, పేరు చెక్కిన పలక ఇస్తారట. "మీరింక విశ్రాంతి తీసుకోండి టీచర్‌గారూ. ఆ రోజు మాట ఎవరూ ఎత్తరు, హామీ నాది."

థాంక్స్ చెప్పాను. పువ్వులు నీళ్ళలో పెట్టాను.

మార్చి 4, మంగళవారం

ఈ నోటుబుక్కులో రాసింది ఎవరికీ చెప్పినట్టు కాదని మొదటి రోజే నిశ్చయించుకున్నాను. అయినా ఇందులో కూడా అబద్ధమే రాశాను.

మూడో క్వార్టరు, 6:12. ఈల వినిపించినప్పుడు నేను రిఫరీని చూడటం లేదు, లానీని చూస్తున్నాను. అది బంతికి దూరంగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉంది. పెదాలకి రంగు లేదు. ఆ ఊపులో పెన్సిలు దాని వరుసలో గీసింది. ఇంతవరకూ పొరపాటు. తల తిప్పితే రిఫరీ వేళ్ళు ఇంకా గాలిలోనే ఉన్నాయి. మూడు, రెండు. స్పష్టంగా చూశాను. రబ్బరు ఎడం చేతిలోనే ఉంది. చెరపడానికి రెండు సెకన్లు పడుతుంది.

చెరపలేదు.

ఆ గీతతో దానికి మూడు. నిజానికి రెండు. ఇంకో రెండు పడితే అది బయటికి వస్తుంది, కూర్చుంటుంది, ఊపిరి పీల్చుకుంటుంది, నేను మాట తప్పినట్టూ ఉండదు. ఇదంతా ఆ రెండు సెకన్లలో లెక్క వేశాను. లెక్కలు నాకు త్వరగా వస్తాయి.

క్వార్టరు చివర ప్రూయిట్ చదివాడు: "ఇరవై మూడు, రెండు." నేను పుస్తకంలో వేలు పెట్టకుండానే సరే అన్నాను. మా వాళ్ళలో సరే అంటే ఏమిటో పదిహేను రోజుల కిందట ఇక్కడే రాసుకున్నాను.

చివరి క్వార్టరులో దానికి నిజంగానే రెండు పడ్డాయి.

అది అక్కడికి అక్కడే పడిపోతుందని నిజంగా నమ్మి ఉంటే లేచి అరవాలి. ఆట ఆపాలి. అలా చేస్తే సంగతి నేను బయటపెట్టినట్టవుతుంది, లానీ నన్ను చూసే చూపు మారుతుంది. అందుకని అరవకుండా గీత ఉంచాను. పిల్లకీ అడ్డం పడలేదు, నిజానికీ కట్టుబడలేదు. మధ్యలో నా పరువు కాపాడుకున్నాను.

నిన్న కోచ్ వచ్చినప్పుడు కూడా అంతే. మాట ఫైనల్ దాకానే, ఫైనల్ అయిపోయింది. నోరు విప్పడానికి అడ్డం మాట కాదు. గుండె సంగతి చెబితే ఐదో గీత సంగతి ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. గుడ్డిదాన్ని అనిపించుకోవడం సుఖంగానే ఉంది.

ఇంకొకటి. ఎల్వుడ్ పోయినప్పుడు ఆస్పత్రి డాక్టరు నాతో అన్నాడు: ఇది వంశంలో వచ్చేది కావచ్చు, అబ్బాయిని చూపించండి. గ్రాంట్‌కి అప్పుడు పదహారు, బడి జట్టులో ఆడుతున్నాడు. తండ్రి పోయాక వాడికి మిగిలింది ఆ బంతే. సీజను అయ్యాక చూపిద్దాం అనుకున్నాను. సీజను అయింది. వాడు బాగానే ఉన్నాడు. మళ్ళీ ఎవరూ అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు.

మార్చి 5, బుధవారం

నేనే హాస్టల్‌కి వెళ్ళి చెబుదామనుకున్నాను, ఈలోపలే లానీ వచ్చింది, మధ్యాహ్నం మూడింటికి. కోటు విప్పలేదు.

"ప్రూయిట్ సార్ చెప్పాడు, మూడో క్వార్టరు చివర నువ్వు పుస్తకం చూడకుండా సరే అన్నావట. పాపం బాగా అలిసిపోయింది మీ నానమ్మ, అన్నాడు." గుమ్మంలోనే నిలబడింది. "నువ్వు పుస్తకం చూడకుండా సరే అనవు. నా రెండో తరగతి ఎక్కాలకే మూడుసార్లు సరిచూసేదానివి. కావాలని రాశావా?"

"పొరపాటునే రాశాను. చూసుకున్నాను. కావాలని ఉంచాను."

లోపలికి వచ్చి తలుపు వేసింది. తర్వాత అరిచింది. "నాలుగేళ్ళు! నాలుగేళ్ళు దానికోసం పొద్దున్నే ఐదింటికి లేచా! ఓడితే నేను ఓడాలి. నువ్వు కూర్చుని పెన్సిల్‌తో ఓడిస్తావా? ఆ పక్కన బెంచీ మీద కూర్చుని నేను నిన్నే వెనకేసుకొచ్చా, తెలుసా? మా నానమ్మ తప్పు రాయదు, నేనే ఎక్కడో లెక్క మర్చిపోయా అని అందరితో చెప్పా!"

"తెలియదు."

"ఇప్పుడు తెలిసిందిగా!"

"కూర్చో లానీ."

"కూర్చోను."

"సరే, నిలబడే విను. నీకిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ వెనక కాదు, నీ మొహం మీదే చెబుతున్నాను. రేపు పొద్దున కోచ్‌కి చెబుతాను. మీ నాన్నకి ఇవాళే."

"శుక్రవారం దాకా ఆగలేవా? ఒక్క ఆట!"

"ఆ ఒక్క ఆట అన్న మాట నేను ఇంతకుముందొకసారి అనుకున్నాను."

గ్రాంట్ సంగతి చెప్పాను, ఆ డాక్టరు అన్న మాటతో సహా. అది వింటూ మెల్లగా సోఫా చేతి మీద కూర్చుంది.

"తాతయ్యకి ముందే తెలిసిందా? అంటే, ఏమైనా అనిపించేదా?"

ఇది నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"మెట్ల మీద ఆగేవాడు. బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగేవాడు. కట్టిన తాడే మళ్ళీ కట్టేవాడు. నేను చూసేదాన్ని. ఏమీ అనేదాన్ని కాదు, మగవాడికి చిన్నతనంగా ఉంటుందని."

లానీ తన బూట్ల వంక చూసుకుంది. "నిన్న హాస్టల్లో మూడో అంతస్తులో ఆగా," అంది. కాసేపటికి, "రెండోదే. రెండో అంతస్తు," అంది.

దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పట్టుకోబోతే తీసేసుకుంది.

"వద్దు. నన్ను ముట్టుకోకు. నువ్వే చెప్పు కోచ్‌కి, నా నోటితో నేను చెప్పలేను. ఆడను, పో. కానీ నీతో మాట్లాడను."

"మాట్లాడకు."

"జోక్ కాదు. నిజంగా మాట్లాడను."

"నిజంగానే అనుకుంటున్నాను."

వెళ్ళిపోయింది. వాకిట్లో కారు దాకా నడిచి, తలుపు పట్టుకుని ఒకసారి ఆగి, లోపల కూర్చుంది. కిటికీలోంచి చూస్తూ ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు.

ఇక జరగవలసినవి:

1. గ్రాంట్‌కి ఇప్పుడే ఫోను చేయాలి. లానీని ఇంక కారు నడపనివ్వకూడదు, వాడే హాస్టల్‌కి వెళ్ళి తెచ్చుకోవాలి. నేను చేసింది కూడా చెప్పాలి, ఏదీ తగ్గించకుండా.

2. గ్రాంట్ కూడా గుండె చూపించుకోవాలి. వాడు బాగానే ఉన్నానంటాడు. వినకూడదు.

3. రేపు 7:30కి కోచ్ యోడర్. ముందు గుండె, తర్వాత పుస్తకం. ఈ వరుస మారకూడదు. జట్టు బస్సు పదింటికి, లానీ అందులో ఎక్కకూడదు.

4. లానీని గుండె డాక్టరు దగ్గర రేపే చూపించాలి. వచ్చే వారం రమ్మంటే ఆస్పత్రి అత్యవసర విభాగంలో కూర్చోవాలి, చూసేదాకా లేవకూడదు.

5. పుస్తకంలో 23కి నాలుగు, 32కి మూడు అని దిద్ది, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. పోటీలు నడిపే కాన్ఫరెన్స్ ఆఫీసుకి ఉత్తరం. గెలిచిన జట్టుకి ఇంకొకటి, వాళ్ళ గెలుపుని పాడు చేసింది కూడా నేనే. రెంటిలోనూ "కళ్ళు" అన్న మాట ఉండకూడదు.

6. ఆదివారం మందిరంలో మోకాళ్ళు లేస్తే లేవాలి.

7. లానీ నా మీద కోపంగా ఉంటుంది. క్షమించమని అడగకూడదు, దాన్ని తొందరపెట్టకూడదు. దానికిప్పుడు ఇరవై రెండు. నేను పోయాక కూడా అది ఇంకా యాభై, అరవై ఏళ్ళు కోపంగా ఉండగలగాలి.